విస్తర్ల పాకలో విన్న మాట

గుంపస్వామి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మనసు నిలవడం లేదు స్వామీ అంటే బావి చుట్టూ గడ్డి పీకమనేవారు. దేవుడున్నాడా స్వామీ అంటే గోశాల కడిగి రమ్మనేవారు. అందుకే నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వేదాంత చర్చ తక్కువ, శుభ్రత ఎక్కువ. తెలివైన శిష్యులు కొన్నాళ్ళకి అడగడం మానేసేవారు. త్రినాథరావు మాత్రం మానలేదు. అతను భోజనశాల అజమాయిషీ చూసేవాడు. చదువుకున్నవాడు, మంచివాడు. తన మంచితనం మీద నమ్మకం కొంచెం ఎక్కువగా ఉన్నవాడు. నాలుగు మంచి మాటలు చెబితే ఎవరైనా మారతారని అనుకునేవాడు. ఇలాంటివాళ్ళ వల్ల జరిగే నష్టం దుర్మార్గుల వల్ల జరిగేదానికి ఏమీ తీసిపోదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం నాకు ఈ సంగతి విన్నాకే కలిగింది.

ఒక ఉదయం పూజ అయ్యాక అతను గురువుగారి ముందు కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు. ఆశ్రమంలో గురువారం గురువారం అన్నదానం. దానికి కావలసిన విస్తర్లు కుట్టడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మధ్యాహ్నాలు వచ్చి పాకలో కూర్చుంటారు. కొండ మీద నుంచి దిగిన అడ్డాకులు తడిపి, సన్నటి వెదురు పుల్లలతో కుడతారు. అది సేవ, అందులో పుణ్యముంది. కాని ఆ పుణ్యకార్యం చేస్తూ వాళ్ళు వినేదేమిటి? అప్పలనరసమ్మ అనే ఆవిడ పేపరు తెచ్చి జిల్లా పేజీలు పైకి చదువుతుంది. రాజకీయాలు కాదు, పంటల ధరలు కాదు. భార్యని చంపిన భర్త, బావిలో తేలిన శవం, కాదన్నదని పిల్ల గొంతు కోసినవాడు, ఇవే. పేపర్లో ఏమీ దొరకని రోజు సెల్‌ఫోనులో నేరాల కథలు చెప్పే ఛానెలు పెట్టుకుంటారు. త్రినాథరావు ఒకసారి పేపరు పక్కన పెట్టించి పురాణం చదివి వినిపించాడు. వాళ్ళు ఎంతో భక్తిగా కునికిపాట్లు పడ్డారు.

"చీమ మీద కాలు పడితే అయ్యో అనేవాళ్ళు, హత్య అనేసరికి చెవులు రిక్కిస్తారు. చచ్చింది కూడా తమలాంటి ఆడదే. మరి వాళ్ళకి అందులో ఏం రుచి స్వామీ?" అని అడిగాడు. ఆ పేపరు ఆపించెయ్యమంటారా అని కూడా అడిగాడు. గుంపస్వామి గారు తులసి దళాలు ఏరుకుంటూ, ఆపడం ఎప్పుడైనా ఆపవచ్చు, ముందు నువ్వూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని విస్తర్లు కుట్టు, నోరు మాత్రం విప్పకు అన్నారు.

త్రినాథరావు పాకలోకి వెళ్ళిన మొదటి రోజు ఆడవాళ్ళకి నోరు పెగల్లేదు. అప్పలనరసమ్మ పేపరు అటూ ఇటూ తిప్పి ఎరువుల కొరత గురించి చదవబోయింది. అందరికంటే పెద్దది పైడమ్మ, ఆ పాకలో ఆవిడ మాటే మాట. ఆవిడ కనుసైగ చేశాక గాని చదువు దారిలో పడలేదు. త్రినాథరావు చేతిలో పుల్ల ఆకుని కుట్టడానికి బదులు చీల్చేది. అతను కుట్టినదాంట్లో అన్నం నిలుస్తుంది గాని చారు నిలవదని వాళ్ళు తేల్చి, అతని విస్తర్లు వేరే కట్ట కట్టి అరటిపండ్లు పెట్టడానికి వాడారు. కొన్నాళ్ళకి అతను పాకలో ఒక నిట్రాడ అయిపోయాడు. అతనున్నాడన్న సంగతే మరిచిపోయి మాట్లాడుకునేవారు.

వాళ్ళు నెత్తురు గురించి వినడానికి ఎగబడతారని అతను అనుకున్నాడు. తీరా చూస్తే కత్తి పోట్ల దగ్గరికి వచ్చేసరికి అప్పలనరసమ్మ గబగబా చదివి దాటేసేది, ఎవరూ ఆపేవారు కాదు. హంతకుడికి ఏ శిక్ష పడిందన్నదీ పెద్దగా పట్టేది కాదు. వాళ్ళు ఆపి అడిగేది వేరే చోట్ల. ఒక రోజు, ఎక్కడో టౌన్లో ఒక తాపీమేస్త్రీ భార్య కాలువలో తేలిందని, అన్నదమ్ములు చెప్పిన రెండు మూడు ముక్కలతో వేలెడంత వార్త వచ్చింది. ఆ వేలెడంత దాన్ని వాళ్ళు పొద్దు వాలేదాకా లాగారు. ఆమె ఫోను ఎవరి దగ్గర ఉండేది, అన్నదమ్ములు ఫోను చేస్తే ఎవరు ఎత్తారు, ఇంటి గొళ్ళెం లోపలుందా బయటుందా, ఆఖరిసారి పుట్టింటికి ఎప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు ఏమైనా చెప్పబోయి మానేసిందా. పేపర్లో లేనివాటిని ఊహించేవారు కాదు. తెలీదు అని పక్కన పెట్టేవారు. చివరికి పైడమ్మ చేతిలో ఆకు కింద పెట్టి, "ఎక్కడ ఎలిపోవల్సింది?" అని అడిగింది. అప్పుడు వరసగా ఒక్కొక్కరే చెప్పారు. మొగుడు అడక్కుండా ఆమె మేకల్ని అమ్మేసిన రోజు వెళ్ళిపోవలసింది అంది ఒకామె. తమ్ముడి పెళ్ళికి పంపనన్న రోజే అంది ఇంకొకామె. ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఎక్కడికి వెళుతుంది, మీకు చెప్పడం తేలిక అని మూడో ఆమె కసురుకుంది. దాని మీద చాలాసేపు వాదన నడిచింది. ఆ పాకలో అది రోజూ జరిగే తంతు. ప్రతి కథ చివరా పైడమ్మ ఆ ప్రశ్న వెయ్యాలి, ప్రతి ఒక్కరూ తన చోటు చెప్పాలి. చచ్చినదాన్ని తెలివితక్కువదని మాత్రం ఎవరూ అనేవారు కాదు.

ఒకసారి కొత్తగా వచ్చిన ఒకామె, పొరపాటునో పరాచికానికో, మరి బావు ఏమంటారు అని త్రినాథరావుని అడిగింది. పైడమ్మ తల ఎత్తకుండానే అంది: "బావుని అడక్కండే. ఏ బయమూ లేకుండానే ఇల్లొదిలీసొచ్చినాడు, అందరి సేతా దండాలెట్టించుకుంతన్నాడు. ఆయనకేటి తెలుస్తాది?" అందరూ నవ్వారు. త్రినాథరావు కూడా నవ్వాడు గాని ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం గురువుగారి దగ్గరికి వెళ్ళి, వాళ్ళది క్రూరత్వం కాదు స్వామీ, జాలి అని చెప్పాడు. ఇంకా కుట్టు అన్నారు ఆయన. మరికొన్నాళ్ళకి వెళ్ళి, జాలి కూడా కాదు, భయం, భయపడటంలో వాళ్ళకి ఒక సరదా ఉంది అన్నాడు. గుంపస్వామి గారు, చారు నిలిచే విస్తరి ఒక్కటైనా కుట్టావా అని అడిగారు.

ఆ రోజుల్లోనే నూకరత్నం పాకకి రావడం మొదలుపెట్టింది. పాతికేళ్ళు నిండని పిల్ల. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. భర్త ఈశ్వరరావుకి టౌన్లో టెంట్‌హౌస్ ఉంది. ఆశ్రమంలో ఉత్సవం ఏది వచ్చినా షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అతనే పంపేవాడు, అద్దె పుచ్చుకునేవాడు కాదు. నుదుట విభూతితో, చేతులు కట్టుకుని నిలబడేవాడు. పెళ్ళాన్ని మధ్యాహ్నం మోటారు సైకిలు మీద తెచ్చి పాక ముందు దింపి, సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకువెళ్ళేవాడు. ఒక్కరోజు కూడా ఆమెని ఒంటరిగా నడవనివ్వలేదు. సంసారమంటే అలా ఉండాలని త్రినాథరావు ఇతర శిష్యులతో అనేవాడు. ఆడవాళ్ళు ఆ మోటారు సైకిలు వంక చూసి ఏమీ అనేవారు కాదు.

నూకరత్నం చెయ్యి చురుకు, మాట తక్కువ. తన వంతు వచ్చినప్పుడల్లా, నాకు తెలీదప్పా అని తప్పుకునేది. కొత్త పిల్ల కదా అని ఎవరూ బలవంతపెట్టలేదు. ఒక మధ్యాహ్నం అప్పలనరసమ్మ చదివిన వార్తలో చచ్చిపోయిన ఆమె ఇంటి పక్కవాళ్ళు పోలీసులకి చెప్పిన మాట ఉంది. చంపడానికి ముందు కూడా అతను కొన్నిసార్లు ఆమె పీక పట్టుకున్నాడట. పైడమ్మ ప్రశ్న వేసింది. ఆ రోజు వాదన లేదు. పీక మీద చెయ్యి పడ్డ మొదటి రోజే అని అందరూ ఒకే మాట అన్నారు. వంతు నూకరత్నం దగ్గరికి వచ్చింది. ఆమె ఆకు మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. వాళ్ళందరూ ఎందుకింత గట్టిగా అంటున్నారో నిజంగానే అర్థం కానట్లు, మెల్లగా అంది:

"అది మామూలే గదేటప్పా. పీక మీద సెయ్యేసి నొక్కుతాడు. కళ్ళు సీకట్లు కమ్మీసరికి వదిలీస్తాడు. సంపీడానికి కాదు గదా."

పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ అయ్యో అనలేదు. అప్పలనరసమ్మ పేపరు మడిచి నీళ్ళ తొట్టి పక్కన పెట్టింది. పైడమ్మ తన పీట జరుపుకుంటూ వెళ్ళి నూకరత్నం పక్కన కూర్చుని, ఆమె వేలికి పుల్ల గుచ్చుకుంటుందేమోనని ఆకు తిప్పి పట్టుకోవడం చూపించింది. కాసేపటికి మాటలు చింతకాయ పచ్చడి మీదికి మళ్ళాయి. సాయంత్రం మోటారు సైకిలు వచ్చింది, ఆ పిల్ల లేచి చీర దులుపుకుని వెళ్ళింది.

త్రినాథరావుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పైడమ్మ ఏదో ఒకటి చేస్తుందని చూశాడు. ఏమీ చెయ్యలేదు. ఆ మర్నాడూ లేదు. వాళ్ళు నూకరత్నాన్ని నీ పుట్టిల్లెక్కడ, అక్కచెల్లెళ్ళున్నారా, కొండకి వెళ్ళే బస్సు ఎప్పుడైనా ఎక్కావా అని ఊసుపోక అడిగినట్లు అడుగుతున్నారు. తల్లి పోయిందని, అక్క ఒకతె రాయగడలో ఉందని ఆ పిల్ల చెప్పింది. పైడమ్మ మనవరాలి ఓణీల పండగకి గిన్నెలు కావాలన్న వంకతో ఈశ్వరరావు టెంట్‌హౌస్‌కి వెళ్ళి, ఇల్లు చూసి వచ్చింది. అక్క ఫోను నంబరు అప్పలనరసమ్మ సంపాదించింది. పున్నమికి ఆశ్రమంలో జనం కిటకిటలాడతారు, ఆ సందట్లో పిల్లని బస్సెక్కించేద్దామని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఇందులో చాలావరకు త్రినాథరావు పక్కనే, పొడి పొడి మాటల్లో నడిచింది. అతనికి కనబడింది మాత్రం ఊసుపోక చెప్పుకునే కబుర్లే. ఎక్కడో చచ్చినదాని గొళ్ళెం లోపలుందా బయటుందా అని ఆరా తీసేవాళ్ళు, ఎదురుగా బతికున్న పిల్ల చెప్పిన మాట చెవిన పెట్టలేదనుకున్నాడు. అతనికి ఒళ్ళు మండింది. ఇదంతా ఉత్త కాలక్షేపమే, వీళ్ళకి కథ కావాలి గాని మనిషి అక్కర్లేదు అని నిర్ణయానికి వచ్చాడు. ఆ కోపంలోనే, తాను చెయ్యవలసిన మంచి పని ఏమిటో అతనికి తోచింది.

ఆ సాయంత్రం ఈశ్వరరావు వచ్చినప్పుడు అతన్ని గోశాల వెనక్కి పిలిచి, మెత్తగా, తమ్ముడికి చెప్పినట్లు చెప్పాడు. కోపం మనిషికి శత్రువన్నాడు. ఇల్లాలు లక్ష్మి అన్నాడు. ఆమె గొంతు మీద చెయ్యి వెయ్యడం మహాపాపమన్నాడు. ఈశ్వరరావు నిర్ఘాంతపోయి, ఈ మాట మీతో ఎవరన్నారు స్వామీ అని అడిగాడు. త్రినాథరావు అబద్ధమాడడు. పాపం ఆ అమ్మాయే అంది, పాకలో అందరి ముందూ అంది, నీ మీద చాడీగా మాత్రం కాదు అని నచ్చజెప్పాడు. ఈశ్వరరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. త్రినాథరావు కాళ్ళకి దండం పెట్టాడు. ఇకమీద అలాంటిది జరగదని ఒట్టు వేశాడు. తరవాత పెళ్ళాన్ని మోటారు సైకిలు ఎక్కించుకుని, జాగ్రత్తగా కూర్చోమని చెప్పి తీసుకువెళ్ళాడు. త్రినాథరావు గేటు దాకా వెళ్ళి చూశాడు. చాలా రోజులకి అతని మనసు తేలికపడింది.

మర్నాడు మధ్యాహ్నం నూకరత్నం రాలేదు. జ్వరమని ఈశ్వరరావు ఫోను చేశాడు. త్రినాథరావు పాకకి వెళ్ళకుండా గురువుగారి దగ్గరికి వెళ్ళి, మీరు నన్ను అక్కడ ఎందుకు కూర్చోబెట్టారో తెలిసింది స్వామీ అంటూ జరిగింది ఉత్సాహంగా చెప్పాడు. గుంపస్వామి గారు విభూతి పొట్లాలు కడుతున్నారు. సగంలో ఆయన చేతులు ఆగాయి. ఆ పిల్ల ఈ రోజు వచ్చిందా అని అడిగారు. జ్వరమట స్వామీ అన్నాడు త్రినాథరావు. ఆయన అంత వేగంగా లేవడం ఆశ్రమంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాతో చెప్పినదంతా వెంటనే వెళ్ళి ఆ ఆడవాళ్ళతో చెప్పు, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పు అని అతన్ని ముందుకు తోసి, తాను వెనక నడిచారు.

పాకలో వాళ్ళు కుడుతూనే విన్నారు. పైడమ్మ ఒకటే అడిగింది.

"ఎవులు సెప్పినారని సెప్పినావు బావూ ఆడికి?"

త్రినాథరావు చెప్పాడు. పైడమ్మ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతను తరవాత చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ ఒళ్ళో ఆకులు నేల మీద గుమ్మరించి లేచింది. మిగతావాళ్ళూ లేచారు. తడి చేతులు తుడుచుకోనైనా తుడుచుకోకుండా, బియ్యం దింపడానికి వచ్చిన ఆటోలో కొందరు ఎక్కారు, పట్టనివాళ్ళు రోడ్డెక్కి వచ్చిన బండినల్లా ఆపారు. త్రినాథరావు ఆటో వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ వెళ్ళాడు.

ఈశ్వరరావు ఇల్లు టెంట్‌హౌస్ గోదాము వెనక ఉంది. తలుపుకి బయట నుంచి తాళం. అతను గోదాములో కుర్చీలు లెక్క చూసుకుంటున్నాడు. అంతమందిని చూసి కూడా కంగారు పడలేదు. జ్వరంగా ఉంటే వాళ్ళ అమ్మ దగ్గర దింపి వచ్చానన్నాడు. ఆ అమ్మ పోయి ఎన్నాళ్ళయిందో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. ఎవరూ అతనితో వాదించలేదు. అప్పలనరసమ్మ పెరటి వైపు వెళ్ళి కిటికీ రెక్క మీద కొట్టి, అమ్మీ రత్నం, నాను అప్పలనర్సిని అని పిలిచింది. మనిషి గొంతు రాలేదు. కాసేపటికి లోపల ఎక్కడో ఒక గిన్నె నేల మీద ఈడ్చిన చప్పుడు వచ్చింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు ఈశ్వరరావు మొదటిసారి గొంతు పెంచి, తన గడపలోకి ఎవరు అడుగు పెడతారో చూస్తానని అడ్డం నిలబడి, త్రినాథరావు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"స్వామీ, మీరైనా చెప్పండి వీళ్ళకి."

అతని మాట తీరు నిన్నటిలాగే ఉంది, చేతులు కూడా నిన్నటిలాగే జోడించి ఉన్నాయి. త్రినాథరావు వెనక్కి తగ్గాడు. ఆడవాళ్ళు కొందరు ఈశ్వరరావుని గడప మీద నుంచి పక్కకి లాగేశారు. షామియానా మేకులు దిగగొట్టే సమ్మెట గోదాము గుమ్మంలోనే ఉంది. దాన్ని పైడమ్మ ఎత్తలేకపోతే ఇంకొకామె అందుకుంది. తాళం ఊడలేదు గాని గొళ్ళెం ఊడివచ్చింది.

నూకరత్నం వంటగదిలో నేల మీద ఉంది. కళ్ళలో తెల్లగుడ్డు ఎర్రబడిపోయి ఉంది. మెడ వాచి, గడ్డానికీ మెడకీ తేడా తెలియడం లేదు. నీళ్ళ గిన్నె దాకా పాకి, దాన్ని ఎత్తే శక్తి లేక ఈడ్చింది. ఆమెని బియ్యం ఆటోలోనే పైడమ్మ ఒళ్ళో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఇంకొంచెం ఆలస్యమైతే లోపలి వాపుకి ఊపిరి ఆగిపోయేదని డాక్టరు చెప్పాడు. ప్రాణం నిలిచింది. గొంతు మాత్రం నిలవలేదు. ఇప్పుడు ఆమె మాట్లాడితే ఎండాకులు నలిపిన చప్పుడులా ఉంటుంది, వినేవాళ్ళు దగ్గరగా వంగాలి.

పోలీసులు వచ్చారు, ఈశ్వరరావుని తీసుకువెళ్ళారు. కొన్నాళ్ళకి బెయిలు మీద బయటికి వచ్చాడు. టౌన్లో పెళ్ళిళ్ళకి ఇప్పటికీ అతని షామియానాలే వేస్తారు. మనిషి మంచివాడే, కాస్త కోపం అని చెప్పుకుంటారు, ఆ చెప్పుకునేవాళ్ళలో ఆశ్రమానికి వచ్చే భక్తులూ ఉన్నారు. నాకు వాళ్ళని చూస్తే అసహ్యం, దాచుకోవడం ఎందుకు. జరిగిన మర్నాడు అప్పలనరసమ్మ పేపరు మొదటి నుంచి చివరి దాకా వెతికింది. ఒక్క ముక్క లేదు. ఆ మర్నాడు కూడా లేదు. పేపరు పక్కన పడేసి, "సచ్చిపోతే ఏసుందురు" అంది.

నూకరత్నం పైడమ్మ ఇంట్లో ఉండి తేరుకుంది. అక్క దగ్గరికి వెళ్ళనంది. ఆ అక్క మొగుడు ఈశ్వరరావుకి స్నేహితుడట, ఆ సంగతి కూడా పాకలో ఆడవాళ్ళు ముందే కనుక్కుని ఉంటే బాగుండేదని వాళ్ళలో వాళ్ళు బాధపడ్డారు. ఆమె మళ్ళీ విస్తర్లు కుట్టడానికి వస్తోంది. పేపరు చదువు కూడా మళ్ళీ మొదలైంది, నూకరత్నమే చదవమని చేత్తో చూపించిందట. కథలు అలాగే ఉన్నాయి, ఎక్కడో ఒక ఊరు, ఎవరో ఒకామె. కొన్ని రోజులు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. పైడమ్మ అడుగుతూనే ఉంది, వాళ్ళు చెబుతూనే ఉన్నారు. వీళ్ళు చెప్పేవి చచ్చినవాళ్ళకి ఎటూ వినపడవు.

త్రినాథరావు పాకలోకి వెళ్ళడం మానేశాడు. భోజనశాల నుంచి అటు వైపు చూసేవాడు కూడా కాదు. అతను తిండి తగ్గించాడు, జపం పెంచాడు, దేనివల్లా ఏమీ కాలేదు. ఒక సాయంత్రం గుంపస్వామి గారు ఒంటరిగా అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు వెళ్ళి కింద కూర్చున్నాడు. పేపరు ఆపించమని అడగడానికి కాదు. ఆ కథలన్నీ నేనూ విన్నాను స్వామీ, వాళ్ళ పక్కనే కూర్చుని, వాళ్ళు విన్నవన్నీ విన్నాను, నాకెందుకు తెలియలేదు అని అడిగాడు.

ఆ పూట గుంపస్వామి గారు అతనికి ఏ పనీ చెప్పలేదు. పాకలో పొద్దుగూకుతున్న కొద్దీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి వెళుతున్నారు. ఆయన వాళ్ళ వైపు చూస్తూ, కోపం లేకుండానే అన్నారు:

"ఆ పిల్ల మాట కూడా వాళ్ళ పక్కనే కూర్చుని విన్నావు. వినగానే పైడమ్మ ఆ పిల్ల పక్కకి జరిగింది. నువ్వు ఎవరి దగ్గరికి వెళ్ళావు, త్రినాథా?"